ఒక కన్నులో రెండు పోగులు

దయ్యాలు, గాలి సోకడాలు, గ్రహాలు పట్టడాలు ఇవేవీ నా దగ్గర నడవవు. చిన్నప్పుడు మా వీధి మలుపులో ఎవరో దిష్టి తీసి పడేసిన నిమ్మకాయల్ని అందరూ పక్కకు తప్పుకుని వెళ్తుంటే, నేను కావాలనే దాటి వెళ్లి అమ్మ చేత వీపు మీద నాలుగు వేయించుకున్నాను. నా పెళ్లప్పుడు జాతకాలు సరిగ్గా కుదరలేదని అత్తమ్మ నసిగితే, మనుషులు కుదిరితే చాలదా అని మొహం మీదే అడిగేశాను. అందుకని కింద రాసేది చదివి ఎవరైనా నవ్వితే నాకేమీ కోపం రాదు. ఇంకొకరు రాసి ఉంటే అందరికంటే ముందు నేనే నవ్వేదాన్ని.

మాది సిరిసిల్ల దగ్గరి నేత కుటుంబం. బాపు పెళ్లయిన కొత్తలో సూరత్ వచ్చాడు. నేను ఇక్కడే పర్వత్ పాటియాలో పుట్టి, మగ్గాల చప్పుడులోనే పెరిగాను. ఇక్కడ మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. బాపు ఒకే ఖాతాలో ముప్పై ఏళ్లకు పైగా పని చేశాడు. చదువుకున్న పిల్లనని నాకు చైనా మగ్గాలు తెప్పించి అమ్మే ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. మెషిన్ ఎవరి ఖాతాకు ఎప్పుడు చేరుతుంది, బిగించే మనిషి ఎప్పుడు వెళ్తాడు, ఇవన్నీ చూడటం నా పని. లిన్ అలా పరిచయమయ్యాడు.

లిన్ మగ్గాలు బిగించే చైనా మెకానిక్. నలభై దాటిన మనిషి, సన్నగా ఉంటాడు, ఎప్పుడూ జేబులో ఒక చిన్న స్పానర్ ఉంటుంది. కరోనా వార్తలు రాకముందే సూరత్ వచ్చాడు. తిరిగి వెళ్దామనుకునేసరికి విమానాలు ఆగిపోయాయి. కంపెనీ వాళ్లు అతన్ని గోడౌన్ పైగదిలో ఉంచారు. ఆ గోడౌన్ మా అమ్మావాళ్ల ఇంటికి రెండు బిల్డింగుల అవతలే.

ఉగాది రోజే లాక్‌డౌన్ మొదలైంది. శార్వరి నామ సంవత్సరం అది. నాకు నాలుగో నెల. మా ఆయన బ్యాంకులో చేస్తాడు, రోజూ జనం మధ్యకు వెళ్లక తప్పదు కాబట్టి అడాజన్‌లోని మా ఫ్లాట్ నుంచి నన్ను అమ్మ దగ్గరికి పంపేశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మగ్గాలన్నీ ఆగిపోయిన సూరత్‌ను విన్నాను. ఆ నిశ్శబ్దానికి మాకెవరికీ నిద్ర పట్టేది కాదు. బాపు పగలంతా డాబా మీద కూర్చుని, అమ్మ కుట్టు డబ్బాలోంచి దారం తీసి తెంపడం, ముడేయడం, మళ్లీ తెంపడం. చేతులు ఊరుకోవు పాపం.

బాపు ముడి గురించి ఇక్కడే చెప్పాలి. మగ్గం మీద పోగు తెగితే రెండు కొసలు కలిపి ముడేస్తారు, నేతవాళ్లందరికీ వచ్చిన పనే. బాపుది ఎడమ చేతి వాటం. అందరూ కుడి కొసను పైకి వేస్తే ఆయన ఎడమది వేసేవాడు, బొటనవేలి చుట్టూ వెనక్కి తిప్పేవాడు. చివర మిగిలిన కొసను చిటికెన వేలితో చటుక్కున తెంపేవాడు. ఆ చిటికెన వేలి విసురు ఇంకెవరికీ రాలేదు. కొత్తగా వచ్చిన కార్మికులు పక్కన నిలబడి చూసి చూసి, ఇది మన వల్ల కాదని తిరిగి వెళ్లిపోయేవాళ్లు.

ఆ రోజుల్లో లిన్‌కు తిండి కష్టమైంది. చైనావాడని కింది దుకాణం వాళ్లు సరుకులివ్వలేదు. అమ్మ ఊరుకోలేదు, రోజూ జొన్నరొట్టె, పప్పు డబ్బాలో పెట్టి పంపేది. కొన్నాళ్లకు అతనే సాయంత్రాలు మా డాబా మీదకు వచ్చి దూరంగా కూర్చునేవాడు. బాపుకు చైనా మాట రాదు, అతనికి తెలుగు రాదు. మాట్లాడాల్సి వస్తే లిన్ ఫోన్లో టైప్ చేసేవాడు, ఫోన్లోంచి ఒక ఆడగొంతు హిందీలో చదివేది. ఏ భావమూ లేని గొంతు. చాలావరకు ఆ గొంతుతో కూడా పని పడేది కాదు. ఇద్దరూ దారం ముక్కలు పట్టుకుని ఒకరి ముడి ఒకరికి చూపించుకుంటూ గంటలు గడిపేవాళ్లు. బాపు ముడి లిన్‌కు కూడా రాలేదు.

ఒకరోజు లిన్ ఒక కాగితం మీద గీతలు గీస్తుంటే ఏమిటని అడిగాను. తన తాత ఊళ్లో జాతకాలు చూసేవాడట. పుట్టిన సంవత్సరం, నెల, రోజు, ఘడియ, ఈ నాలుగూ నాలుగు స్తంభాలు. ఒక్కో స్తంభానికి రెండేసి అక్షరాలు, మొత్తం ఎనిమిది. వాళ్ల ఘడియ మన రెండు గంటలు. పొద్దుపోక తెలిసినవాళ్లందరివీ వేసుకుంటున్నానన్నాడు. సంవత్సరాల పేర్లు అరవై ఉంటాయి, అయిపోగానే మళ్లీ మొదలవుతాయి అని చెప్తుంటే బాపు లేచి నిలబడ్డాడు.

"అరే, మనయి గూడ అరవైయే గదనే! నేను పుట్టింది గూడ శార్వరే. మల్ల ఇప్పుడు శార్వరే నడుస్తున్నది. లిన్ భాయ్, నాది జూడు."

నేను బాపు ఆధార్‌లోని తేదీ చెప్పాను. జూన్ ఒకటి. మా తరం ముందువాళ్లలో సగం మంది పుట్టింది బడిలో పంతులు రాసిన జూన్ ఒకటినే. లిన్ ఘడియ స్తంభం వదిలేసి మిగతా ఆరు అక్షరాలు కాగితం మీద వేసి, చాలాసేపు బాపు చేతుల వంక చూశాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. ఇది ఈయనది కాదు, ఈ చేతులు ఈ కాగితంలో లేవు అని ఫోన్ గొంతు చదివింది. తప్పు తేదీ అని అతనికి నేను చెప్పలేదు, బాపూ చెప్పలేదు. అప్పుడు నాకు అనుమానం కాదు, తమాషా అనిపించింది. గారడీవాళ్లు కూడా ఇలాగే మొదలుపెడతారు కదా.

అమ్మ గుర్తు చేసుకుంది. "మీ నాయనమ్మ చెప్తుండె. సద్దుల బతుకమ్మ నాడు పొద్దుగాల పుట్టిండట. వీధిల పడుగు దారాలు చాపి గంజి పెడుతున్నరట, అప్పుడే నొప్పులు షురువైనయట. గంజి ఆరిపోతదని సగం మంది ఆడోళ్లు పడుగు కాడనే ఉన్నరు, సగం మంది మీ నాయనమ్మను లోపలికి తోల్కపోయిన్రు. ఎదురుకాళ్లతోని పుట్టిండు."

బాపు ఎదురుకాళ్లతో పుట్టడం మా ఇంట్లో అందరికీ తెలిసిందే. ఎవరికైనా నడుము పట్టేస్తే మా ఇంటికి వచ్చి బోర్లా పడుకునేవాళ్లు, బాపు మెల్లగా కాలితో తొక్కేవాడు. ఎదురుకాళ్లవాళ్లు తొక్కితే నడుము నొప్పి పోతుందని మనవాళ్ల నమ్మకం. దాన్నీ నేను ఎగతాళి చేసేదాన్ని.

ఫోన్లో పాత పంచాంగం వెతికి ఆ ఏటి సద్దుల బతుకమ్మ తేదీ పట్టుకున్నాను. పొద్దున్నే అంటే ఏ ఘడియ అన్నది తేలలేదు. లిన్ బాపును తల వంచమని సైగ చేశాడు. నడినెత్తిన రెండు సుడులున్నాయి. రెండు సుడులుంటే అది ఏడు నుంచి తొమ్మిది లోపు పుట్టుక అని వాళ్ల తాత లెక్కట.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "రెండు సుడులున్నోనికి రెండు పెండ్లిళ్లంటరు మన దిక్కు. ముప్పై ఐదేండ్ల సంది నేను కావలి కాస్తనే ఉన్న."

అందరం నవ్వాం. లిన్ నవ్వలేదు. వేళ్ల కణుపుల మీద బొటనవేలితో లెక్క పెడుతున్నాడు. ఆపి, మళ్లీ మొదటినుంచి లెక్క పెట్టాడు. కాసేపటికి తల ఎత్తి చూసింది బాపును కాదు, నా కడుపును. ఎప్పుడు అని వేళ్లతో అడిగాడు. సెప్టెంబర్ అన్నాను.

టైప్ చేశాడు. చెరిపాడు. మళ్లీ టైప్ చేశాడు. చివరికి ఆ గొంతు చదివింది. అరవై ఏళ్లకు సంవత్సరం అందరికీ తిరిగి వస్తుంది. నెలా వస్తుంది. రోజు మాత్రం చాలామందికి జారిపోతుంది. ఈయనకు జారలేదు. ఈ సెప్టెంబర్‌లో ఒక పొద్దున నాలుగూ మళ్లీ కలుస్తాయి. తర్వాత కొంచెం ఆగి, "ఉస్ ఘడీ మే ఇస్ ఘర్ మే బచ్చా నహీ ఆనా చాహియే" అంది. ఆ ఘడియలో ఈ ఇంట్లోకి బిడ్డ రాకూడదు.

ఎందుకని అడిగాను. వాళ్ల ఊళ్లో ఇలాంటి ఇల్లుంటే, కడుపుతో ఉన్న కూతురికి ఆ ఘడియలో కాన్పు కాకుండా చూసుకునేవాళ్లట. ఒకే రక్తం, ఒకే నాలుగు స్తంభాలు అయితే ఒకరి నుంచి ఏదో ఒకటి పోతుందట. ప్రాణమా అని అడిగాను. తెలియదు అని రాశాడు. నేను మెషిన్ మనిషిని, తాతకు తెలిసేది అని రాశాడు.

బాపు దాన్ని తన మగ్గం భాషలోకి మార్చుకున్నాడు. మగ్గంలో ఒక్కో పోగు ఒక్కో కన్నులోంచి వెళ్తుంది. "ఒక్క కన్నుల రెండు పోగులు గుచ్చితే ఏమైతది? ఒకటి తెగుతది. గంతేనా లిన్ భాయ్?" అని, తనే పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ లిన్ కాగితం మీద రాసి చూపిన ఆ పొద్దుటి తేదీ మాత్రం మర్చిపోలేకపోయాను. క్యాలెండర్లో చూస్తే పెత్రమాసకు, అంటే మహాలయ అమావాస్యకు, ముందొచ్చే ఏకాదశి.

ఎండాకాలం చివర్లో లిన్‌కు ఏదో ప్రత్యేక విమానంలో సీటు దొరికింది. వెళ్లేముందు అమ్మ కాళ్లకు దండం పెట్టబోతే అమ్మ కంగారుపడి రెండడుగులు వెనక్కి వేసింది. నా వైపు తిరిగి తొమ్మిది వేళ్లు చూపించాడు. తొమ్మిది దాటాలి అని అర్థం. ఆ తర్వాత చైనా యాప్‌లు బంద్ అయ్యాయి. అతని నంబర్ మోగడం మానేసింది.

సెప్టెంబర్ వచ్చింది. ఖాతాలు కొన్ని తెరుచుకున్నాయి. కార్మికుల్లో సగం మంది ఊళ్లకు వెళ్లిపోవడంతో ఖాతా యజమాని సేఠ్ బాపును బతిమాలి పిలిపించుకున్నాడు. నాకు నెలలు నిండాయి. స్కానింగ్‌లో బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని తేలింది. ఆపరేషన్ తప్పదని, ఆ వారంలో ఏ పొద్దున అయినా సరే మీరే చెప్పండని గుజరాతీ డాక్టరమ్మ అంది.

మనవాళ్ల సంగతి తెలిసిందే కదా. ఆపరేషన్ అనగానే ముహూర్తం. అత్తమ్మ కరీంనగర్ నుంచి వాళ్ల పంతులు గారికి ఫోన్ చేయించింది. పక్షం మంచిది కాకపోయినా ఒక్క లగ్నం మాత్రం దివ్యంగా ఉందని ఆయన చెప్పాడట. మా ఆయన ఫోన్లో తేదీ చదివాడు. ఏకాదశి. పొద్దున ఏడున్నర దాటాక, తొమ్మిది లోపు.

ఎన్నో రోజులు, ఎన్నో గంటలు ఉండగా పంతులు గారి వేలు వెళ్లి వెళ్లి దాని మీదే పడింది. ఆ రోజు వద్దన్నాను. ఎందుకని అడిగితే చివరికి లిన్ మాట చెప్పాను.

మా ఆయన నన్ను వింతగా చూశాడు. "మన జాతకాలు వద్దని అందరితో కొట్లాడినవ్. ఇప్పుడు చైనా జాతకం పట్టుకున్నవా?"

డాక్టర్‌కు ఆ రోజు ఖాళీ లేదని అత్తమ్మకు అబద్ధం చెప్పి, రెండు రోజుల తర్వాతికి మార్పించాను. అత్తమ్మ అలిగింది. అలిగితే అలగనీ అనుకున్నాను. ఏకాదశి పొద్దున ఖాతాకు వెళ్లొద్దని బాపు దగ్గర మాట తీసుకున్నాను. "సరే తియ్" అన్నాడు. బాపు 'సరే తియ్' అంటే వెళ్తాడనే లెక్క, నాకు అప్పుడు తట్టలేదు.

ఏకాదశి నాడు తెల్లవారుతుండగానే ఉమ్మనీరు పోయింది.

అమ్మ ఆటో కోసం పరుగెత్తింది, మా ఆయన అడాజన్ నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. కరోనా రూల్స్ కాబట్టి లోపలికి ఒక్కరినే రానిచ్చారు. అమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. డాక్టరమ్మ వచ్చి చూసి, బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని, వెంటనే తీయాలని అంది. ఎదురుగా గోడ గడియారం ఉంది. ఎనిమిది దాటింది.

తొమ్మిదిదాకా ఆగొచ్చా అని అడిగాను.

ఆవిడ మాస్క్ పైనుంచి నన్ను అసహ్యంగా చూసింది. "ముహూర్త్ కే లియే బచ్చే కో ఖత్రే మే డాలోగీ?" అంది, ముహూర్తం కోసం బిడ్డ ప్రాణం మీదికి తెస్తావా అని.

ముహూర్తం కోసం కాదు, ముహూర్తం తప్పించుకోవడానికి అని ఎలా చెప్పను? చదువుకున్నదాన్ని, జాతకాలు తగలబెట్టాలని వాదించేదాన్ని, బల్ల మీద పడుకుని గడియారం వంక చూస్తూ ఏడుస్తున్నాను. ఆగితే బిడ్డ పోవచ్చు. ఆగకపోతే బాపు. మొదటిది డాక్టర్ మాట. రెండోది ఎప్పుడో డాబా మీద ఒక మెకానిక్ చెప్పిన మాట. ఏది వినాలో నాకు తెలుసు. తెలిసినా ఒక్క ఫోన్ చేసుకోనివ్వండని బతిమాలాను.

బాపు ఫోన్ ఎత్తగానే మగ్గాల చప్పుడు వినిపించింది.

"బాపు, ఎందుకు వోయినవ్? ఇంటికి వో. మగ్గం కాడ ఉండకు."

"ఇంట్ల కూసుంటే మనసొప్పలే బిడ్డా. నువ్వు దవాఖానల ఉంటే నేను గోడలు జూసుకుంట ఎట్ల కూసుండాలె? ఏం గాదు, ధైర్నంగ ఉండు. నాకేమైతది?"

"తొమ్మిదిదాంక బయట నిలబడు బాపు. నీ కాళ్లు మొక్కుత."

చప్పుడులో వినపడలేదో, విని ఊరుకున్నాడో. "మంచిగ కను బిడ్డా" అని పెట్టేశాడు. నేను డాక్టరమ్మ వైపు తిరిగి, చేయండి అన్నాను.

నడుముకి సూది వేశారు. తెలివిలోనే ఉన్నాను. తెర అవతల ఏం జరుగుతోందో కనిపించదు, గడియారం మాత్రం కనిపిస్తుంది. పెద్ద ముల్లు నెమ్మదిగా పైకి ఎక్కుతుంటే, ఇంకొంచెం, ఇంకొంచెం అని లోపల మొక్కుకుంటున్నాను. ఎవరికి మొక్కుకుంటున్నానో కూడా తెలియదు, నాకు దేవుళ్లు లేరు కదా. కాళ్లు వచ్చేశాయని ఎవరో అన్నారు. కాసేపు అంతా నిశ్శబ్దం. తర్వాత ఏడుపు. తొమ్మిది ఇంకా కాలేదు.

లక్ష్మి వచ్చిందని నర్సు బిడ్డను నా చెంపకు ఆనించింది. నేను బిడ్డను ముద్దు పెట్టుకోలేదు. మా ఆయన్ని పిలవండి అన్నాను.

అతను తెల్ల కవరు డ్రెస్సులో వచ్చాడు, కళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆ కళ్లు చూడగానే అర్థమైంది. బాపుకేమైంది అని అడిగాను. అతను బిత్తరపోయాడు.

"నీకెవరు చెప్పిన్రు? ఖాతాకెళ్లి ఫోన్ ఇప్పుడే వచ్చింది. బాపు బతికే ఉన్నడు. పానం బానే ఉన్నది. కానీ ఏందో అయితున్నదట."

ఏం జరిగిందో తర్వాత నర్సయ్య మామ చెప్పాడు. ఆయన బాపు పక్క మగ్గాల మీద ఇరవై ఏళ్లుగా పని చేస్తున్న మనిషి. నాతో మాట్లాడాక బాపు మగ్గం మీద ఒక పోగు తెగింది. బాపు మగ్గం ఆపి రెండు కొసలూ చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని అలాగే నిలబడిపోయాడు. బిడ్డ కోసం మొక్కుకుంటున్నాడేమోనని నర్సయ్య మామ కదిలించలేదు. ఎంతకీ కదలకపోతే దగ్గరికి వెళ్లి, ఏంది బావా అన్నాడు. బాపు రెండు కొసలూ చూపించి మెల్లగా అడిగాడట, "నర్సయ్యా, ముడి ఎట్ల ఏస్తరు?"

పరాచికం అనుకుని మామ నవ్వాడట. తర్వాత బాపు మొహం చూసి నవ్వు ఆపేశాడట.

బాపును ఆ రోజే ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లారు. తలకు స్కానింగ్ చేశారు. రక్తం గడ్డలు లేవు, ఏమీ లేవు. కరోనా పరీక్ష చేశారు, అదీ లేదు. చిన్న స్ట్రోక్ ఏదో వచ్చి స్కానింగ్‌కు అందకుండా పోయి ఉండొచ్చని ఒక డాక్టర్ అన్నాడు. దిగులు వల్ల అయి ఉంటుందని ఇంకొకాయన అన్నాడు. నేను వాళ్లనే నమ్మాలనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను. కానీ బాపు సంతకం ఎప్పటిలాగే పెడతాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటాడు. అమ్మ కుట్టిన మాస్క్ తాళ్లు తల వెనక తనే ముడేసుకుంటాడు, చూడకుండా. పోగు ముడి ఒక్కటే రాదు. మగ్గం ముందు నిలబెట్టి చూశారు, నర్సయ్య మామ పసిపిల్లాడికి నేర్పినట్టు నేర్పాడు. వేళ్లు సగందాకా వెళ్లి ఆగిపోతాయి.

"చేతులకు యాదికొస్తలేదు బిడ్డా" అన్నాడు నాతో. ఎప్పుడూ ఏడవని మనిషి, ఆ రోజు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ప్రాణం మిగిలినందుకు ఎంత ఏడ్చానో, పోయినదానికి అంతే ఏడ్చాను.

బిడ్డకు మొదటిసారి తలస్నానం చేయించిన రోజు అమ్మ నన్ను లోపలికి పిలిచింది. తడి జుట్టు పక్కకు తీసి చూపించింది. రెండు సుడులు. తాత పోలిక అన్నాను. అమ్మ ఆ జుట్టును మళ్లీ పైకి దువ్వి కప్పేసింది.

మూడో నెలలో అనుకుంటాను, పగటిపూట ఉయ్యాలలో నిద్రపోతోంది. చేతులు కదులుతున్నాయి. పిల్లలు నిద్రలో వేళ్లు కదుపుతారు, నాకు తెలుసు. కానీ ఎడమ చేయి పైకి వచ్చింది. బొటనవేలు వెనక్కి తిరిగింది. చిటికెన వేలు చటుక్కున విసిరింది. మళ్లీ మొదటినుంచి. మళ్లీ. నేను వీడియో తీసి పిల్లల డాక్టర్‌కు చూపించాను. నరాలు ఎదుగుతున్నాయి, మామూలేనన్నాడు. సంతోషంగా ఇంటికొచ్చాను. ఆ వారమే నర్సయ్య మామ పాపను చూడటానికి వచ్చాడు. ఉయ్యాల దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఇచ్చిన చాయ్ తాగకుండానే, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వెళ్లిపోయాడు. మళ్లీ మా ఇంటికి రావడానికి ఆయనకు ఏడాది పట్టింది.

లిన్ కోసం కంపెనీ ద్వారా అడిగించాను. అక్కడ ఉద్యోగం మానేశాడన్నారు, అంతే. ఆ నాలుగు స్తంభాలు లెక్కగట్టే సైట్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. బాపుది వేసి చూశాను, పాపది వేసి చూశాను. ఎనిమిది అక్షరాలూ అవే. కానీ అదే పొద్దున లోకంలో ఇంకెన్నో వేలమంది పుట్టి ఉంటారు, వాళ్ల తాతలకు ఏమీ అయి ఉండదు. ఈ మాట నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను.

అత్తమ్మ పాప జాతకం రాయిస్తానని పుట్టిన టైమ్ అడుగుతూనే ఉంటుంది. మత్తులో ఉన్నాను, చూసుకోలేదని చెబుతాను. పాపకు అరవై వచ్చేసరికి ఆ నాలుగూ మళ్లీ కలుస్తాయో, చాలామందికిలా రోజు జారిపోతుందో లెక్కగట్టడం నాకు రాదు, ఆ సైట్లలో అంత ముందుకు తేదీలు లేవు. చెప్పగల మనిషి అందుబాటులో లేడు. అప్పటికి నేనూ ఉండను. నమ్మినా నమ్మకపోయినా ఎక్కడో ఒకచోట ఇది రాసి ఉండాలని రాస్తున్నాను.

పాపకు ఇప్పుడు బడి ఈడు వచ్చింది. మొన్న బాపు డాబా మీద కూర్చుని ఉంటే ఆయన చొక్కా అంచు దారం ఊడి తెగింది. పాప పక్కనే ఆడుకుంటోంది. బాపు రెండు కొసలూ వేళ్లతో పట్టుకుని దాని ముందు పెట్టాడు. అది ఆడుకుంటున్న బొమ్మను చంకలో పెట్టుకుని, ఎడమ చేత్తో కొస పైకి వేసి, వెనక్కి తిప్పి, చిటికెన వేలితో తెంపేసింది. దానికి ఆ ముడి నేర్పినవాళ్లు ఈ ఇంట్లో ఎవరూ లేరు. వచ్చిన ఒక్క మనిషికీ ఇప్పుడు రాదు.

అది మళ్లీ ఆటకు పరుగెత్తింది. బాపు ఆ ముడిని వేలితో తడుముతూ చాలాసేపు కూర్చున్నాడు. బాధగా ఉందా బాపు అని అడిగాను.

"ఎందుకు బిడ్డా? యాడికీ పోలే. ఇంట్లనే ఉన్నది" అన్నాడు.

నేను ఇప్పటికీ దేన్నీ నమ్మను. ఇది ఎలా జరిగిందో మాత్రం నాకు తెలియదు.